ఒకే పేజీ, పది చేతులు

1989 మార్చిలో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్ లీ అనే ప్రోగ్రామరు తన పైఅధికారికి ఒక ప్రతిపాదన రాసిచ్చాడు. ప్రపంచాన్ని మార్చేద్దామన్న మాట అందులో లేదు. ఆయన గొడవంతా ఆఫీసు గొడవ. సెర్న్‌కు వేలమంది వస్తుంటారు, పోతుంటారు. చాలామంది ఉండేది రెండేళ్లే. ఫలానా ప్రోగ్రామ్ ఎవరు రాశారో, దాన్ని కదిలిస్తే ఇంకెక్కడ తేడా కొడుతుందో తెలిసినవాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాక, కొత్తగా వచ్చినవాడు అదంతా మళ్లీ మొదటినుంచీ తవ్వుకోవాలి. చాలాసార్లు ఆ సమాచారం ఎక్కడో రాసే ఉంటుంది. వెతికితే దొరకదు, అంతే. పైఅధికారి మైక్ సెండాల్ ఆ కాగితం మీద, విషయం అస్పష్టంగా ఉన్నా హుషారుగా ఉందని ఒక ముక్క గీకి పెట్టుకున్నాడు. వరల్డ్ వైడ్ వెబ్‌కు పునాది ఆ కాగితమే. ఇవాళ మనం సినిమా టికెట్లు కొనే వెబ్ పుట్టింది ఒక టీమ్ డాక్యుమెంటేషన్ తిప్పలోంచి.

హైదరాబాదు ఐటీ ఆఫీసుల్లో ఈ తిప్పకు రెండక్షరాల పేరుంది: కేటీ. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అన్నమాట. మానేస్తున్న ఉద్యోగి నోటీస్ పీరియడ్ ముగిసేలోపు బుర్రలో ఉన్నదంతా తన తర్వాత వచ్చేవాడికి దింపి వెళ్లాలి. "కేటీ అయిందా?" అని మేనేజరు అడుగుతాడు. "అయింది సార్" అంటాడు కొత్తవాడు. ఏ శనివారం రాత్రో సర్వర్ పడిపోయినప్పుడు గానీ అయిందేమిటో, కానిదేమిటో తేలదు. వెనకటి కరణంగారి దస్త్రం వంటిది ఆ పరిజ్ఞానం. ఊరి లెక్కలన్నీ అందులోనే ఉంటాయి, ఆయన రాత మాత్రం ఆయనే చదవాలి.

ఆ దస్త్రాన్ని పదిమంది చేతుల్లోకి తెచ్చే సాఫ్ట్‌వేర్ గురించి ఈ అధ్యాయం. ఇందులో చిక్కులు రెండు. పదిమంది ఒకే పేజీ మీద ఒకేసారి చెయ్యిపెట్టినా ఎవరి రాతా పోకూడదు, ఇది మొదటిది. రాసినది రేపటికి కూడా నిజమై ఉండాలి, ఇది రెండోది. మొదటిదాన్ని కంప్యూటర్ శాస్త్రం ముచ్చటగా విప్పింది. రెండోదాన్ని కూడా విప్పేశామని సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు చెబుతుంటారు. నేను నమ్మను.

బెర్నర్స్ లీ రాసిన మొట్టమొదటి బ్రౌజర్‌లో చదవడమూ రాయడమూ రెండూ ఉండేవి. తర్వాత జనంలోకి వెళ్లిన బ్రౌజర్లు చదవడాన్ని ఉంచుకుని రాయడాన్ని వదిలేశాయి. పోయిన ఆ సగాన్ని తిరిగి తెచ్చినవాడు అమెరికాలో పోర్ట్‌లాండ్‌కు చెందిన ప్రోగ్రామరు వార్డ్ కనింగ్‌హామ్. సాఫ్ట్‌వేర్ డిజైన్‌లో తమకు పనికొచ్చిన పద్ధతులను తోటి ప్రోగ్రామర్లు రాసిపెట్టడానికి 1995 మార్చి 25న ఆయన వికీవికీవెబ్ అనేదాన్ని తెరిచాడు. పెర్ల్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్ అది. ప్రతి పేజీకీ ఒక దిద్దుబాటు లింకు ఉండేది. ఎవరైనా నొక్కొచ్చు, మార్చొచ్చు, సేవ్ చేసి వెళ్లిపోవచ్చు. పాస్‌వర్డ్ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అందులో నాకు బాగా నచ్చే పనితనం లింకు విషయంలో ఉంది. రెండు ఇంగ్లిష్ మాటలను ఖాళీ లేకుండా కలిపి, ఒక్కోదాని మొదటి అక్షరాన్ని పెద్దబడిలో రాస్తే అదే లింకయ్యేది. ఆ పేరుతో పేజీ ఇంకా లేకపోతే మాట పక్కన ఒక ప్రశ్నగుర్తు పడేది. దాన్ని నొక్కితే ఖాళీ పేజీ తెరుచుకునేది, తెలిస్తే నువ్వే రాయమన్నట్టు. అంతకుముందు ఏ మాన్యువల్‌లోనైనా రాయని సంగతి కంటికి కనిపించేది కాదు. లేనిదేదో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? కనింగ్‌హామ్ వికీలో లోటు కూడా పేజీకెక్కింది. ఇవాళ తెలుగు వికీపీడియాలో కనిపించే ఎర్ర లింకులు ఆ ప్రశ్నగుర్తు సంతానమే.

వికీపీడియా కథ చాలామందికి తెలిసిందే. 2000లో నూపీడియా అనే విజ్ఞాన సర్వస్వం నిపుణుల సమీక్షకు ఏడు అంచెలు పెట్టుకుని నత్తనడక నడుస్తుంటే, దానికి సాయంగా 2001 జనవరి 15న వికీ పద్ధతిలో మొదలైన చిల్లర దుకాణం అసలు దుకాణాన్నే మూయించింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జున, రోమన్ అక్షరాల్లో టైపు చేస్తే తెలుగు యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే పరికరాన్ని తయారుచేసినాయన. ఆఫీసుల వికీలు వేరే దారిలో వచ్చాయి. 1998లో ట్వికీ, 2004లో ఆస్ట్రేలియా కంపెనీ అట్లాసియన్ తెచ్చిన కాన్‌ఫ్లుయెన్స్, వాటి తర్వాత ఇప్పటి నోషన్ దాకా. పేర్లు మారినా లోపలి లెక్క ఒక్కటే కాబట్టి మనం ఆ లెక్కలోకి పోదాం.

మాదాపూర్‌లో ఒకామె, డాలస్‌లో ఒకతను ఒకే పేజీ తెరిచారనుకోండి. ఆమె మూడో వాక్యం దిద్దింది, అతను ఏడో వాక్యం దిద్దాడు. ఆమె సేవ్ చేసిన రెండు నిమిషాలకు అతను సేవ్ చేశాడు. అతని దగ్గరున్నది పాత పేజీ, అందులో ఆమె దిద్దుబాటు లేదు. అతని కాపీ పైన పడేసరికి ఆమె పని మాయమైంది. ఎవరూ తప్పు చేయలేదు, ఎర్రర్ మెసేజీ కూడా రాలేదు.

దీనికి పాత మందు తాళం. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ మొదలుపెట్టిన ఎస్‌సీసీఎస్, 1982లో వాల్టర్ టిచీ రాసిన ఆర్‌సీఎస్ ఆ బాపతువి. దిద్దడానికి ఫైలును ఒకరు తీసుకుంటే మిగతావారికి తాళం పడుతుంది. తాళం తీసుకున్న మనిషి దాన్ని వదలకుండా సంక్రాంతికి ఊరెళ్లిపోతే, కనుమ దాటేదాకా అందరూ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

తాళం వద్దనుకుంటే కలపడం నేర్చుకోవాలి. కలపాలంటే ముందు రెండు కాపీలకూ తేడా తెలియాలి. బెల్ ల్యాబ్స్‌లోనే జేమ్స్ హంట్, డగ్లస్ మెక్‌ల్రాయ్ 1976లో ఒక సాంకేతిక నివేదికలో ఈ లెక్క వివరించారు. యూనిక్స్ వాడినవాళ్లకు తెలిసిన డిఫ్ ఆదేశం దాని మీదే నడిచింది. అది తేడాను వెతకదు, పోలికను వెతుకుతుంది. రెండు కాపీల్లోనూ అదే వరసలో వచ్చే పంక్తుల్లో అతి పొడవైన గొలుసు ఏదో పట్టుకుంటుంది. ఆ గొలుసులో ఇమడనివి పాత కాపీలో ఉంటే తీసేసినవి, కొత్త కాపీలో ఉంటే చేర్చినవి.

తేడా దొరికింది. ఇప్పుడు కలుపుదామా? ఆమె కాపీలో "ముందు బ్యాకప్ తీయాలి" అన్న వాక్యం ఉంది, అతని కాపీలో లేదు. ఆమె కొత్తగా చేర్చిందా? లేక మొదటినుంచీ ఉన్నదాన్ని అతను కొట్టేశాడా? ఈ రెండు కాపీలను ఎంతసేపు పక్కపక్కన పెట్టుకు చూసినా జవాబు రాదు. మూడోది కావాలి: ఇద్దరూ దిద్దడం మొదలుపెట్టినప్పటి పేజీ. అందులో ఆ వాక్యం లేకపోతే ఆమె చేర్చినట్టు, కాబట్టి ఉంచాలి. ఉంటే అతను కొట్టేసినట్టు, కాబట్టి తీసెయ్యాలి. వికీలు ప్రతి పేజీకీ పాత కూర్పులన్నీ దాచిపెట్టేది ఎవరేం రాశారో నిలదీయడానికే అనుకుంటాం. ఆ పాత కూర్పు చేతిలో లేకపోతే కలపడమనే లెక్కే కుదరదు. వికీపీడియా వెనకున్న మీడియావికీ ఇద్దరు ఒకేసారి దిద్దితే ఈ మూడు కాపీల పద్ధతిలోనే కలిపి చూస్తుంది. ఇద్దరూ ఒకే చోట చెయ్యిపెట్టి ఉంటే నా వల్ల కాదని రెండోవారికి రెండు కూర్పులూ చూపించి ఊరుకుంటుంది. తెలియనప్పుడు తెలియదని చెప్పే సాఫ్ట్‌వేర్ అంటే నాకు గౌరవం.

ఒక్క మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఆమె పేజీ చివర "ఏదైనా తేడా వస్తే మొదట తీసిన బ్యాకప్ నుంచి ఎక్కించాలి" అని చేర్చింది. అతను పైన బ్యాకప్ వాక్యాన్నే కొట్టేశాడు. రెండు దిద్దుబాట్లూ దూరదూరంగా ఉన్నాయి కాబట్టి యంత్రం ఏ పేచీ పెట్టకుండా కలిపేస్తుంది. తయారైన పేజీలో, తీయని బ్యాకప్ నుంచి ఎక్కించమని ఉంటుంది. కలిసినవి వాక్యాలు. అర్థాల సంగతి దానికి పట్టదు.

ఇదంతా సేవ్ నొక్కినప్పుడు జరిగే కలపడం. అక్షరం కొట్టగానే అవతలివాడి తెర మీద కనిపించాలన్నది ఇంకో మెట్టు పైన. ఈ కోరికా పాతదే. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కో సభలో వేదిక మీద కూర్చుని, మెన్లో పార్క్‌లో ఉన్న సహోద్యోగితో ఒకే తెరను పంచుకుంటూ పనిచేసి చూపించాడు. దూరం పెరిగేకొద్దీ అసలు కష్టం బయటపడుతుంది. హైదరాబాదుకూ డాలస్‌కూ భూమి మీద దగ్గరిదారి సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగను ఎక్కడా వంకర లేకుండా వేసినా, ఒక అక్షరం వెళ్లి కబురు తిరిగిరావడానికి 140 మిల్లీసెకన్లు. అసలు కేబుళ్లు సముద్రాల అడుగున చుట్టూ తిరిగి పోతాయి కాబట్టి ఇంకా ఎక్కువే. ప్రతి అక్షరానికీ సర్వర్ అనుమతి కోసం ఆగితే టైపు చేసేవాడికి చిర్రెత్తుతుంది. కాబట్టి కొట్టిన అక్షరం ముందు సొంత తెర మీద పడిపోవాలి, కబురు తర్వాత పోవాలి. ఆ కాస్త సేపూ ఇద్దరి దగ్గరా ఉన్నవి వేర్వేరు పేజీలు.

1989లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో క్లారెన్స్ ఎల్లిస్, సైమన్ గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి ఒక ఉపాయం ప్రచురించారు. ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు. పేరు భారీగా ఉంది గానీ, సంగతి ఒక్క వాక్యం మీద చూస్తే విడిపోతుంది. పేజీలో ఇలా ఉందనుకోండి:

రేపు 10 గంటలకు సర్వర్ ఆపాలి.

ఆమె 10కి ముందు "ఉదయం" చేర్చింది. అదే క్షణంలో అతను 10ని 11 చేశాడు. కంప్యూటర్ ఈ వాక్యాన్ని మనలా చూడదు. మన కంటికి "రేపు" రెండక్షరాలు. దానికి నాలుగు సంకేతాలు: ర, ఏత్వం, ప, కొమ్ము. ఖాళీ ఐదోది, 1 ఆరోది, 0 ఏడోది. కాబట్టి అతని కంప్యూటర్ పంపే కబురు: "ఏడో స్థానంలో ఉన్నది తీసి 1 పెట్టు." ఆమె కంప్యూటర్ పంపేది: "ఆరో స్థానం ముందు ఐదు సంకేతాలు చేర్చు." ఉ, ద, య, సున్న, ఒక ఖాళీ, మొత్తం ఐదు.

అతని కబురు ఆమె దగ్గరికి చేరేసరికి అక్కడి వాక్యం జరిగిపోయి ఉంది. ఏడో స్థానంలో ఇప్పుడున్నది సున్నా కాదు, "ఉదయం"లోని ద. కబురును ఉన్నదున్నట్టు అమలుచేస్తే ఆమె తెర మీద "రేపు ఉ1యం 10 గంటలకు" అని పడుతుంది. ఎల్లిస్, గిబ్స్ చెప్పినదేమిటంటే, వచ్చిన కబురును అమలుచేసే ముందు, ఈలోపు ఇక్కడ జరిగిన మార్పును దృష్టిలో పెట్టుకుని దాన్ని సవరించాలి. ఏడుకు ముందు ఐదు చేరాయి, కాబట్టి ఏడు పన్నెండు అవుతుంది. అతని వైపు ఆమె కబురుకు ఏ సవరణా అక్కర్లేదు, ఎందుకంటే అతను మార్చినది ఆరో స్థానానికి తర్వాత. రెండు తెరల మీదా "రేపు ఉదయం 11 గంటలకు సర్వర్ ఆపాలి" అనే ఉంటుంది. ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు.

ఇద్దరికి ఇంత సులువైనది ముగ్గురు నలుగురయ్యేసరికి మెలికలు పడింది. ఎల్లిస్, గిబ్స్ మొదటి పద్ధతిలోనే కొన్ని సందర్భాల్లో తెరలు ఏకం కావని తర్వాతివాళ్లు చూపించారు. 1995లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో జూపిటర్ అనే వ్యవస్థ కట్టినవాళ్లు మధ్యలో ఒక సర్వర్‌ను కూర్చోబెట్టి, ఎవరి కబురైనా దాని ద్వారానే పోవాలన్నారు. దాంతో ఎప్పుడూ ఇద్దరి మధ్య లెక్కే మిగిలింది. ఇవాళ్టి గూగుల్ డాక్స్ ఈ కుటుంబానిదే. 2006లో గూగుల్ కొన్న రైట్‌లీ అనే చిన్న కంపెనీ దాని మూలం. స్థానాలు లెక్కపెట్టడమే వద్దు, ప్రతి అక్షరానికీ చెరిగిపోని ఒక గుర్తింపు ఇద్దాం, చెరిపినా దాన్ని తీసెయ్యకుండా చెరిపినట్టు రాసుకుందాం అనే ఇంకో దారి 2006 నుంచి ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకుంది. 2011లో మార్క్ షపీరో బృందం దానికి సీఆర్‌డీటీ అని పేరుపెట్టి సిద్ధాంతం కట్టింది. నెట్ లేనప్పుడు విడివిడిగా రాసుకుని తర్వాత కలుపుకునే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఈ రెండో దారివి.

ఈ లెక్కలన్నీ ఇంగ్లిష్ అక్షరాలను మనసులో పెట్టుకుని కట్టినవి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఒక వింత కనిపిస్తుంది. పేజీలో "పని" అని ఉంది. ఆమె దాన్ని "పనులు" చేసింది, అతను అదే క్షణంలో "పనే" చేశాడు. ఆమె చేసినది గుడి తీసి కొమ్ము, ల, కొమ్ము పెట్టడం. అతను చేసినది గుడి తీసి ఏత్వం పెట్టడం. యంత్రం గుడిని ఒక్కసారి తీసి, ఇద్దరు చేర్చినవీ నిలబెడుతుంది. ఒకే న మీద ఏత్వమూ కొమ్మూ ఎక్కి కూర్చుంటాయి. రెండు తెరలూ అచ్చంగా ఒకేలా ఉంటాయి, సిద్ధాంతం కోరినది అంతే. అది ఏ తెలుగువాడూ పలకలేని అక్షరమన్న సంగతి సిద్ధాంతంలో లేదు. "లక్ష్మి" మనకు రెండక్షరాలు, యూనికోడ్‌కు ఏడు సంకేతాలు. క్ష్మి నడుమ ఎక్కడ కోసినా అక్షరం పాడవుతుంది. అక్షరాల సరిహద్దులు ఎక్కడుంటాయో యూనికోడ్ నియమాలు చెబుతున్నాయి. వాటిని దిద్దుబాటు లెక్కలోకి తీసుకోవడం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల శ్రద్ధను బట్టి ఉంటుంది. (శ్రద్ధ తగ్గితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు చూపించాయి. కంటికి కనిపించని ఒక సంకేతం ఇరుక్కున్న "జ్ఞా" తెర మీదికొస్తే చాలు, మెసేజీల యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేసింది.)

ఇక రెండో చిక్కు, రాసినది రేపటికి కూడా నిజమై ఉండటం. దీన్ని ఊహించి చెప్పనక్కర్లేదు, జరిగినదే ఉంది. గిట్‌ల్యాబ్ అనేది ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సేవ. 2017 జనవరి 31 రాత్రి వాళ్ల ప్రధాన డేటాబేస్‌కు నకలుగా నడిచే రెండో డేటాబేస్ వెనకబడిపోయింది. ఒక ఇంజనీరు దాన్ని మళ్లీ మొదటినుంచి నింపే ఆదేశం ఇచ్చాడు. అది ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోయింది. నిజానికి దాని తీరే అంత, ప్రధాన డేటాబేస్ డేటా పంపేదాకా చప్పుడు చేయకుండా ఎదురుచూస్తుంది. ఆ సంగతి, ఏ పని ఎలా చేయాలో కంపెనీ రాసిపెట్టుకునే సొంత రన్‌బుక్కులో లేదు, ఆ పరికరం అధికారిక డాక్యుమెంటులో కూడా స్పష్టంగా లేదు. తెలిసిన మరో ఇంజనీరు అప్పుడు అందుబాటులో లేడు. పాత డేటా డైరెక్టరీ అడ్డుపడుతోందేమోనని దాన్ని చెరిపేయబోయిన మొదటి ఇంజనీరు, పొరపాటున ప్రధాన సర్వర్ మీద చెరిపే ఆదేశం కొట్టాడు. సెకనో రెండు సెకన్లో గడిచాక గ్రహించి ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్లు పోయాయి.

బ్యాకప్ ఉందిగా అనుకున్నారు. రోజూ బ్యాకప్ తీసి దాచే ఏర్పాటు నిజంగానే ఉంది. తెరిచి చూస్తే దాచేచోట ఏమీ లేదు. బ్యాకప్ తీసే పరికరం వెర్షన్ 9.2, డేటాబేస్ వెర్షన్ 9.6. రెండూ పొసగక పని రోజూ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లకు సరైన సంతకం లేక వాటిని అవతలి సర్వర్ తిప్పికొట్టింది. చివరికి ఆరుగంటల ముందు వేరే పనికోసం ఒక ఇంజనీరు తీసిపెట్టిన నకలు వాళ్లను ఒడ్డున పడేసింది. ఆ ఆరుగంటల్లో చేరినవి, సుమారు 5 వేల ప్రాజెక్టులు, 5 వేల వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి.

ఆ రాత్రి గిట్‌ల్యాబ్ వాళ్లు ఏం జరుగుతోందో గంటగంటకూ రాసుకున్నది ఒక గూగుల్ డాక్‌లో, అదీ లోకమంతా చూసేలా. చాలామంది ఒకేసారి రాసిన ఆ పేజీ లక్షణంగా పనిచేసింది. కాంతివేగంతో పోటీపడే లెక్క గెలిచింది. ఓడినది ముందుగా రాసిపెట్టుకోవలసిన రన్‌బుక్కు.

పేజీలో అక్షరం మారితే సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. సర్వర్ వెర్షన్ మారితే ఆ పేజీకి తెలియదు. "చివరిసారి మార్చిన తేదీ" చెప్పేది రాత ఎప్పుడు మారిందన్నదే. అది ఇప్పటికీ నిజమేనా అన్నదానికి ఏ బటనూ లేదు. కొంతవరకు పనిచేసే మందులు లేకపోలేదు. డాక్యుమెంట్లను కోడ్‌తో పాటు, కోడ్ కూర్పులు దాచుకునే అదే గిట్ భాండాగారంలో ఉంచి, కోడ్ మార్చినవాడు పేజీ కూడా మార్చాడో లేదో ఒకే సమీక్షలో చూడటం ఒకటి. 2001లో పైథాన్ భాషలో చేరిన డాక్‌టెస్ట్ ఇంకా సూటిగా ఉంటుంది. డాక్యుమెంటులో రాసిన ఉదాహరణలను యంత్రమే నడిపి చూసి, రాసిన జవాబూ వచ్చిన జవాబూ వేరైతే తప్పని చెబుతుంది. నాకు తెలిసినంతలో పేజీని నిజంతో సరిపోల్చే నికరమైన పనిముట్టు ఇదే. కానీ అది కోడ్ ముక్కల వరకే. "బ్యాకప్ రోజూ తీస్తున్నాం" అన్న వాక్యాన్ని నడిపి చూడటం దాని వల్ల కాదు. బ్యాకప్ తెరిచి తిరిగి ఎక్కించి చూసే మనిషి కావాలి.

గిట్‌ల్యాబ్ ఆ తర్వాత తప్పులన్నీ ఒప్పుకుంటూ ప్రచురించిన నివేదికలో, బ్యాకప్‌లను ఎప్పటికప్పుడు ఎందుకు పరీక్షించలేదన్న ప్రశ్నకు జవాబు సూటిగా ఉంది. ఆ పనికి యజమాని లేడు కాబట్టి అది ఎవరి బాధ్యతా కాలేదు. చేయవలసిన పనుల జాబితాలో, డేటా భద్రతకు ఒక మనిషిని బాధ్యుడిగా పెట్టడం కూడా చేరింది.

మీ టీమ్ వికీలో అందరూ ఎక్కువగా నమ్ముకునే పేజీ ఒకటి ఈ వారంలోనే తెరిచి చూడండి. దాన్ని చివరిసారి దిద్దినవారి పేరు సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. అందులో రాసినట్టు చివరిసారి చేసి చూసినవారి పేరు చూపించదు. ఆ గడి మీరే గీసి, అందులో ఒక పేరు, ఒక తేదీ రాసిపెట్టండి.